కొచ్చిలో సదస్సుకు వెళ్లేవారు పాత రేవు పట్టణాన్ని చూడడం ఎలా?

కొచ్చిలో జరిగే సదస్సుకు మా పరిశోధన పత్రం అంగీకరించారు, అక్కడ రెండు మూడు రోజులు ఉండాలి, ఆ వ్యవధిలోనే ఫోర్ట్ కొచ్చిని, మట్టాంచేరిని కూడా చూడగలమా అని అడిగే పాఠకులు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. చూడగలరు, సదస్సు పనికి లోటు రాకుండానే చూడగలరు. అయితే "చివరి రోజు మధ్యాహ్నం సభలు ముగిశాక తీరికగా చూద్దాం" అనుకుని బయలుదేరిన వారిలో చాలామంది మూసి ఉన్న తలుపులు చూసి వెనక్కి వస్తారు. సదస్సులు సాధారణంగా శుక్రవారంతోనో శనివారంతోనో ముగుస్తాయి. మట్టాంచేరిలో తప్పక చూడవలసిన రెండు కట్టడాలలో రాజభవనానికి శుక్రవారం సెలవు, యూదుల ప్రార్థనా మందిరానికి శనివారం సెలవు. ఈ ఒక్క విషయం తెలిసి ముందుగా రోజులు సర్దుకుంటే మిగిలిన ఏర్పాట్లన్నీ సులువుగా కుదురుతాయి కనుక, కింది పద్ధతి మొత్తాన్ని దీని చుట్టూనే అమర్చాను.

ముందుగా ఊరి స్వరూపం

కొచ్చి నీటితో విడివడిన అనేక భాగాల ఊరు. తూర్పున ప్రధాన భూభాగం మీద ఎర్నాకుళం ఉంది. రైల్వే స్టేషన్లు, మెట్రో, ఎక్కువ హోటళ్లు, కార్యాలయాలు అక్కడే ఉన్నాయి. పడమట అరేబియా సముద్రం ఒడ్డున ఫోర్ట్ కొచ్చి, దానికి ఆనుకుని లోపలి నీటి వైపు మట్టాంచేరి ఉన్నాయి. ఈ రెంటికీ ఎర్నాకుళానికీ మధ్య విల్లింగ్డన్ ద్వీపం, ఉత్తరాన బోల్గట్టి, వైపిన్ ద్వీపాలు ఉన్నాయి. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదలో పాత ముజిరిస్ రేవు పూడిపోయి కొచ్చి ముఖద్వారం తెరుచుకుందని చెబుతారు. 1500లో పోర్చుగీసులు వచ్చారు, 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు ఈ రేవును స్వాధీనం చేసుకున్నారు. విల్లింగ్డన్ ద్వీపం మాత్రం కొత్తది: 1920లో ఇక్కడికి వచ్చిన ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో పర్యవేక్షణలో రేవు లోతు పెంచడానికి తవ్వి తీసిన మట్టితో దాన్ని నిర్మించారు. బయలుదేరే ముందు ఇంతకు మించి చరిత్ర చదవనక్కరలేదు. మిగిలినది అక్కడి గోడలు, రాళ్లు చూస్తూ తెలుసుకోవచ్చు.

కావలసినవి

- సదస్సు పూర్తి కార్యక్రమ పట్టిక. మీ పత్రం ఏ రోజు, ఏ గంటకు అన్నది ఖరారయ్యాకనే మిగిలిన లెక్క వేయాలి.
- మీ సంస్థ అనుమతి. ఒక రోజు ముందు వెళ్లినా, ఒక రోజు ఎక్కువ ఉన్నా దాన్ని సెలవుగా చూపాలా, ప్రయాణ ఖర్చు మీద దాని ప్రభావం ఉంటుందా అన్నది టికెట్ కొనక ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.
- సులువుగా విడిచి తొడుక్కోగల చెప్పులు. మట్టాంచేరిలో వాటిని పదే పదే విడవవలసి వస్తుంది.
- భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. సదస్సుకు వేసుకునే నూలు చొక్కా, ప్యాంటు లేదా చీర, చుడీదార్ సరిపోతాయి. కోటు మాత్రం గదిలో వదిలి వెళ్లండి. కొచ్చి ఉక్క దాన్ని భరించనివ్వదు.
- గొడుగు, మంచినీళ్ల సీసా, పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు. ప్రవేశ టికెట్లకు, ప్రభుత్వ పడవలకు చిల్లర ఉంటే పని త్వరగా అవుతుంది.
- మెట్రో రైలులోనూ, వాటర్ మెట్రో అనే విద్యుత్ పడవలలోనూ చెల్లే కొచ్చి వన్ కార్డు. ఇది తప్పనిసరి కాదు, కానీ టికెట్ వరసలో నిలబడే సమయం మిగులుతుంది.

చేయవలసిన విధానం

1. సదస్సు వేదిక ఎక్కడో పటంలో గుర్తించండి.

ఆహ్వానంలో "కొచ్చి" అని ఉన్నంత మాత్రాన వేదిక రేవు దగ్గర ఉందని అనుకోకూడదు. వేదికను బట్టి మీ దారి పూర్తిగా మారిపోతుంది కనుక ఈ అడుగు దగ్గర తొందరపడవద్దు.

వేదిక బోల్గట్టి ద్వీపంలోని పెద్ద సమావేశ కేంద్రమైతే మీరు అదృష్టవంతులు. గోశ్రీ వంతెనల మీదుగా వైపిన్ చేరి, అక్కడి నుంచి రో-రో పడవలో కొద్ది నిమిషాలలో ఫోర్ట్ కొచ్చి ఒడ్డుకు చేరవచ్చు. మనుషులనూ వాహనాలనూ కలిపి దాటించే ఈ పడవ, గోదావరి లంకలలో పంటు ఎక్కిన వారికి కొత్తగా అనిపించదు. వేదిక కలమశ్శేరిలోని కొచ్చిన్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమైతే, విశ్వవిద్యాలయం పేరుతోనే ఉన్న స్టేషనులో మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ రోడ్డు స్టేషనులో దిగి, అక్కడి నుంచి ఆటోలో హైకోర్ట్ పడవల టెర్మినల్‌కు వెళ్లాలి. కాక్కనాడ్ ఇన్ఫోపార్క్ వైపు అయితే కాక్కనాడ్ నుంచి వైట్టిల వరకు వాటర్ మెట్రో, అక్కడి నుంచి మామూలు మెట్రో అనుకూలం. కుండన్నూర్, మరడు ప్రాంతంలోని హోటళ్లలో సదస్సు జరిగితే పడవల కోసం ఎర్నాకుళం వెళ్లడం చుట్టుదారి. విల్లింగ్డన్ ద్వీపం, తోప్పుంపడి మీదుగా రోడ్డు మార్గంలో నేరుగా మట్టాంచేరికి పోవడమే మేలు. ఇక అంగమాలి దగ్గరి సమావేశ కేంద్రమైతే అది విమానాశ్రయం కన్నా ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి సాయంత్రం ఫోర్ట్ కొచ్చి వెళ్లి రాత్రికి తిరిగిరావాలని ప్రయత్నించవద్దు. అలాంటప్పుడు సదస్సుకు ముందో తరువాతో ఒక రాత్రి ఫోర్ట్ కొచ్చిలోనే బస చేయడం తప్ప మంచి మార్గం లేదు.

2. రోజుల లెక్క వేయండి.

మట్టాంచేరికి పగటి వేళ ఒక పూట, ఫోర్ట్ కొచ్చికి ఒక సాయంత్రం కావాలి. సాయంత్రాన్ని సదస్సు రోజులలోనే సంపాదించవచ్చు. పగటి పూటను మాత్రం ముందుగా కేటాయించుకోవాలి. సదస్సు గురువారం నుంచి శనివారం వరకు ఉంటే బుధవారం ఉదయానికే కొచ్చి చేరి, ఆ రోజు మధ్యాహ్నం మట్టాంచేరి చూడండి. బుధవారం నుంచి శుక్రవారం వరకు ఉంటే మంగళవారం చేరడం ఉత్తమం. అలా కుదరకపోతే శనివారం ఆగి రాజభవనం మాత్రం చూడవచ్చు, ప్రార్థనా మందిరం దక్కదు. ఆదివారం వరకు ఆగగలిగితే రెండూ దొరుకుతాయి, కానీ జనం ఎక్కువగా ఉంటారు. సోమవారం మొదలయ్యే సదస్సులకు వెళ్లేవారికి ఆదివారమే సరైన రోజు.

ప్రార్థనా మందిరానికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు గంటల వరకు విరామం ఉంటుంది. శనివారపు విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం తరువాత అది తెరిచి ఉంటుందని నమ్ముకోకూడదు. యూదుల పండుగ రోజులలోనూ మూసే ఉంటుంది. ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వెళ్లేవారు ఆ పండుగల తేదీలు సరిచూసుకోవాలి.

3. టికెట్టు, బస నిర్ణయించుకోండి.

హైదరాబాదు నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి. విమానాశ్రయం నెడుంబాశ్శేరిలో ఉంది. అక్కడి నుంచి ఎర్నాకుళం సుమారు 30 కిలోమీటర్లు, ఫోర్ట్ కొచ్చి 40 కిలోమీటర్లకు పైమాట. ఆలువ మెట్రో స్టేషను వరకు బస్సులో వచ్చి, అక్కడి నుంచి మెట్రో ఎక్కితే రోడ్డు మీది రద్దీ చాలావరకు తప్పుతుంది. రైలులో వచ్చేవారికి సికింద్రాబాదు నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా వచ్చే శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. అది ఎర్నాకుళం టౌన్ స్టేషనులో ఆగుతుంది.

ఇక్కడ పొరపాటు పడేవారు చాలామంది. రైల్వే టికెట్టులో వెతకవలసిన పేరు ఎర్నాకుళం. ఎర్నాకుళంలో రెండు స్టేషన్లు ఉన్నాయి: జంక్షన్‌ను స్థానికులు సౌత్ అంటారు, టౌన్‌ను నార్త్ అంటారు. ఆటో మాట్లాడేటప్పుడు, తిరుగు ప్రయాణానికి బయలుదేరేటప్పుడు మీ రైలు ఏ స్టేషను నుంచో టికెట్టు చూసి మరీ చెప్పండి.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. సదస్సు జరిగే రోజులలో వేదికకు దగ్గరగానే ఉండండి. ఫోర్ట్ కొచ్చిలోని పాత ఇళ్లలో బస ఎంతో ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ ప్రతి ఉదయం నీళ్లు దాటి తొమ్మిది గంటల సభకు చేరాలనే ఆందోళన ఆ ఆనందాన్ని పాడుచేస్తుంది. అదనంగా తీసుకున్న రాత్రిని మాత్రం ఫోర్ట్ కొచ్చిలో గడపండి. సందర్శకులు వెళ్లిపోయిన తరువాత రాత్రి, వారు రాకముందు తెల్లవారుజామున ఆ వీధులు వాటి అసలు రూపంలో కనిపిస్తాయి.

4. సదస్సు పనులను ముందే తీర్చుకోండి.

చేరిన రోజునే పేరు నమోదు చేసుకుని బ్యాడ్జి తీసుకోండి. మీ ప్రదర్శన ఫైలును నిర్వాహకుల కంప్యూటరులో తెరిచి చూసుకోండి. తెలుగు అక్షరాలో, ప్రత్యేక చిహ్నాలో ఉంటే అవి సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నది అప్పుడే తేలుతుంది. మీ పత్రం ఉన్న పూట, మీరు అధ్యక్షత వహించే సభ, మీరు నిజంగా వినాలనుకున్న ప్రసంగాలు, ఈ మూడింటినీ పట్టికలో గీత గీసి గుర్తించుకోండి. ఆ గంటలను ముట్టుకోకూడదు. సంస్థ ఖర్చుతో వచ్చి సభలకు ముఖం చాటేసి ఊరు చూడడం తగని పని. పైగా ఆ అవసరం కూడా ఉండదు, ఎందుకంటే ఫోర్ట్ కొచ్చి సాయంత్రపు వేళకే బాగుంటుంది.

నిర్వాహకులు నగర సందర్శన ఏర్పాటు చేస్తే డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ రోజు, మట్టాంచేరిలో ఏయే కట్టడాల లోపలికి తీసుకువెళతారు, అంగళ్ల దగ్గర ఎంతసేపు ఆపుతారు. మూడింటికీ తృప్తికరమైన జవాబు వస్తే బృందంతో వెళ్లడమే మంచిది. సదస్సు పరిచయాలు ఉపన్యాస మందిరంలో కన్నా పడవలో బాగా కుదురుతాయి.

5. నీటి మార్గం ఎంచుకోండి.

రేవు పట్టణాన్ని నీటి మీదుగా చేరడంలోనే దాని అర్థం ఉంది. ఎర్నాకుళం నుంచి రోడ్డు మీద ఫోర్ట్ కొచ్చికి వెళ్లేవారు వంతెనల మీది రద్దీని చూస్తారు. పడవలో వెళ్లేవారు ఓడలను, కంటైనర్ల రేవు క్రేన్లను, సముద్ర ముఖద్వారాన్ని చూస్తారు. ఇందుకు రెండు రకాల పడవలు ఉన్నాయి.

మొదటిది 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన వాటర్ మెట్రో. ఇది శీతలీకరించిన విద్యుత్ పడవ. హైకోర్ట్ టెర్మినల్ నుంచి ఫోర్ట్ కొచ్చికి 2024 నుంచి నడుస్తోంది, ప్రయాణం సుమారు ఇరవై నిమిషాలు. 2025 అక్టోబరులో మట్టాంచేరి, విల్లింగ్డన్ ద్వీపం టెర్మినళ్లు కూడా తెరిచారు. పడవలో నిర్ణీత సంఖ్యకు మించి ఎక్కనివ్వరు. సురక్షితమైన ఆ నియమం వల్లనే ఆదివారాలు, సెలవు రోజుల సాయంత్రాలు పొడవైన వరసలు ఏర్పడతాయి. వెళ్లేటప్పటి కన్నా ఫోర్ట్ కొచ్చి నుంచి తిరిగివచ్చేటప్పుడు రద్దీ ఎక్కువ. సూర్యాస్తమయం చూసిన వారందరూ ఒకేసారి టెర్మినల్‌కు వస్తారు.

రెండవది రాష్ట్ర జలరవాణా శాఖ పడవ. ఎర్నాకుళం ప్రధాన బోటు జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి, మట్టాంచేరికి వెళుతుంది. టికెట్టు చాలా చవక, గాలి నేరుగా తగులుతుంది, ఉద్యోగులు, విద్యార్థులు, చేపల బుట్టలవారు మీతో పాటు ప్రయాణం చేస్తారు. వరస ఎక్కువగా ఉన్న రోజున వాటర్ మెట్రో కోసం పట్టుబట్టకుండా ఈ పడవ ఎక్కండి. తీరిక ఉంటే వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఎక్కడం నేను సూచించే పద్ధతి.

హెచ్చరిక: వెళ్లిన వెంటనే, అంటే దిగిన చోటనే, ఆ రోజు చివరి పడవ ఎన్ని గంటలకో అడిగి ఫోనులో రాసుకోండి. రాత్రి బాగా పొద్దుపోయేదాకా పడవలు ఉండవు. తప్పిపోయినా భయపడనక్కరలేదు, బస్సులు, ట్యాక్సీలు రోడ్డు మార్గంలో ఉంటాయి, రో-రో మీద వైపిన్ చేరి గోశ్రీ వంతెనల మీదుగా కూడా ఎర్నాకుళం రావచ్చు.

6. మట్టాంచేరికి పగటి పూట వెళ్లండి.

రాజభవనంతో మొదలుపెట్టండి. పదహారవ శతాబ్దం మధ్యలో పోర్చుగీసులు దీన్ని కట్టించి కొచ్చి రాజు వీర కేరళవర్మకు ఇచ్చారు. 1663 తరువాత డచ్చివారు మరమ్మతులు చేయించడంతో డచ్ ప్యాలెస్ అనే పేరు స్థిరపడింది. కట్టించింది ఐరోపావారైనా, నడుమ ముంగిలి, ఆ ముంగిలిలో పళయన్నూర్ భగవతి ఆలయం ఉన్న కేరళ నాలుకెట్టు, అంటే ముంగిలికి నాలుగు వైపులా గదులున్న ఇంటి తీరు కనిపిస్తుంది. బయటి నుంచి చూస్తే సాదాగా ఉండే ఈ భవనాన్ని చూసి "ఇదేనా" అనుకుని పైకి ఎక్కకుండా వెళ్లిపోయేవారు ఉన్నారు. అసలు విశేషం లోపలి గోడల మీద ఉంది. రాజు పడకగదిలో రామాయణ కథ గోడలంతటా చిత్రించి ఉంది. లేపాక్షి కప్పు మీద బొమ్మలు చూసిన తెలుగువారు ఇక్కడ తేడాను వెంటనే పట్టగలరు: లేపాక్షిలో బొమ్మల మధ్య ఖాళీ ఉంటుంది, ఇక్కడ ఆకులు, ఆభరణాలు, చేతులు, కిరీటాలు ఒకదానిని ఒకటి ఒరుసుకుంటూ చోటంతా నింపేస్తాయి. కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడేవరకు ఆగి, ఒక గోడను మొదటి నుంచి చివరి వరకు చూడండి. కింది గదులలోని చిత్రాలను కూడా వదలవద్దు. ఛాయాచిత్రాల విషయంలో అక్కడి బోర్డు చెప్పినట్టు నడుచుకోండి. ఫ్లాష్ వెలుగు ఈ రంగులకు హాని.

అక్కడి నుంచి నడిచి యూదుల వీధికి వెళ్లండి. చివరన గడియార స్తంభం పక్కన 1568లో కట్టిన పరదేశి ప్రార్థనా మందిరం ఉంది. 1662లో పోర్చుగీసుల దాడిలో దెబ్బతిన్న దీనిని డచ్చివారి కాలంలో తిరిగి బాగుచేశారు. చెప్పులు విడిచి నేల మీద అడుగుపెట్టగానే కింద చూడండి: పద్దెనిమిదవ శతాబ్దంలో చైనాలోని కాంటన్ నుంచి ఓడలలో తెచ్చిన నీలి, తెలుపు పలకలు అవి. చేతితో చిత్రించినవి కనుక ఒక్కొక్కటి కాస్త వేరుగా ఉంటుంది. ఇజ్రాయెల్‌కు వలసల తరువాత ఇక్కడి యూదు కుటుంబాలు దాదాపుగా లేకుండా పోయాయి. అయినా ఇది ఇప్పటికీ ప్రార్థనా స్థలమే కనుక గొంతు తగ్గించి మాట్లాడండి, కాళ్లు చేతులు కనిపించే పొట్టి బట్టలతో వెళ్లవద్దు.

తరువాత బజార్ రోడ్డు వెంట ఫోర్ట్ కొచ్చి వైపు నడవండి. మొత్తం దూరం నడవడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఎండ ఎక్కువగా ఉంటే కొంతదూరం నడిచి ఆటో ఎక్కండి. ఒక వైపు నీళ్లు, మరొక వైపు మిరియాలు, అల్లం, బియ్యం గిడ్డంగులు, పెంకుటి కప్పులు, లోపలికి పోయే పొడవైన ముంగిళ్లు ఉంటాయి. కొచ్చి రేవు ఎందుకు పుట్టిందో, ఇన్ని దేశాలవారు దాని కోసం ఎందుకు కొట్టుకున్నారో ఈ వీధి వాసనే చెబుతుంది. పాత కట్టడాలన్నీ చూసి ఈ వీధిని వదిలేయడం నా దృష్టిలో పెద్ద నష్టం. సుగంధ ద్రవ్యాలు కొనదలిస్తే సందర్శకుల కోసం అలంకరించిన కొట్లలో కన్నా ఇక్కడి టోకు వ్యాపారుల దగ్గర ధర అడిగి పోల్చి చూసి కొనండి. మిరియాలను చేతిలో తీసుకుని గింజ బరువుగా, గట్టిగా ఉందో లేదో చూడండి.

హెచ్చరిక: "చాలా తక్కువకు ఊరంతా చూపిస్తాను" అని పిలిచే ఆటో ఎక్కితే ఎక్కువ సమయం హస్తకళల దుకాణాలలో గడిచిపోవచ్చు, మీరు దుకాణంలోకి వెళితే తీసుకువచ్చిన వారికి కమిషన్ ముట్టే ఏర్పాటు ఇలాంటి ఊళ్లలో ఉంటుంది. ఒక చోటు నుంచి మరొక చోటుకు మాత్రమే ఆటో మాట్లాడండి, "దుకాణాలు వద్దు" అని ఎక్కకముందే చెప్పండి.

7. ఫోర్ట్ కొచ్చికి సాయంత్రం చేరండి.

సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు ఒడ్డున దిగాలి. కొచ్చిలో నవంబరు నెలలో ఆరు గంటల ప్రాంతంలో, జూలైలో ఏడు గంటలకు కాస్త ముందు పొద్దు కుంకుతుంది. మధ్యాహ్నపు చివరి సభ నాలుగింటికి ముగిసే రోజును దీనికి ఎంచుకోండి.

చీనవల అని పిలిచే పెద్ద వలలు టెర్మినల్ దగ్గరలోనే కనిపిస్తాయి. కర్ర దూలాల చివర వల, మరో చివర తాళ్లకు కట్టిన బండరాళ్లు ఉంటాయి. నలుగురైదుగురు కలిసి తాళ్లు లాగితే రాళ్ల బరువు వల్ల అంత పెద్ద వల తేలికగా పైకి లేస్తుంది. దూరం నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా, ఒక వల దిగి మళ్లీ లేచేదాకా నిలబడి చూడండి. మీరూ తాడు పట్టమని పిలిస్తే సంతోషంగా పట్టండి, కానీ తరువాత కొంత డబ్బు ఆశిస్తారని తెలిసి పట్టండి.

అక్కడి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి వెళ్లండి. 1503లో కర్రతో మొదలైన ఈ చర్చిని 1516 నాటికి పక్కాగా కట్టారు. 1524 డిసెంబరులో కొచ్చిలో మరణించిన వాస్కో డ గామాను మొదట ఇక్కడే ఖననం చేశారు. కొన్నేళ్లకు అస్థికలను పోర్చుగల్‌కు తరలించారు, సమాధి రాయి మాత్రం మిగిలింది. చాలామంది ఆ రాయిని చూసి బయటకు వచ్చేస్తారు. గోడలకు నిలబెట్టిన పోర్చుగీసు, డచ్చి సమాధి ఫలకాలను, పైన వేలాడే గుడ్డ పంఖాలను కూడా చూడండి. ఆ పంఖాల తాళ్లను బయట నిలబడిన మనుషులు లాగేవారు. సముద్రం వైపు కొద్ది దూరంలో డచ్చి శ్మశానం ఉంది. భీమునిపట్నంలోనో మచిలీపట్నంలోనో డచ్చి సమాధులు చూసినవారు ఇక్కడికి తప్పక రావాలి, ఎందుకంటే ఆ ఊళ్లలో వ్యాపారం చేసినదీ ఈ ఊరిని పాలించినదీ ఒకే డచ్చి ఈస్టిండియా కంపెనీ. గేటుకు తరచు తాళం వేసి ఉంటుంది. చర్చిలో అడగండి, వీలు కాకపోతే గోడ బయటి నుంచే చూడండి.

సమయం మిగిలితే పరేడ్ మైదానం చుట్టూ, ప్రిన్సెస్ వీధి మీదుగా శాంతాక్రూజ్ బసిలికా వరకు నడవండి. ఇప్పుడున్న బసిలికా 1905లో ప్రతిష్ఠించినది. పాతదాన్ని ఆంగ్లేయులు 1795లో పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నాక కూల్చివేశారు. కథకళి చూడాలనుకునేవారు ప్రదర్శనకు గంట ముందే వెళ్లి నటులు ముఖానికి రంగులు వేసుకోవడం చూడాలి. అదే రోజు సూర్యాస్తమయాన్నీ కథకళినీ రెండింటినీ చూడాలనుకోవద్దు, ఏదో ఒకటి ఎంచుకోండి. కొన్ని సంవత్సరాలలో డిసెంబరు నుంచి మార్చి వరకు జరిగే కొచ్చి-ముజిరిస్ బినాలే కళా ప్రదర్శన సమయంలో మీ సదస్సు పడితే దానికోసం మరొక పూట పెంచుకోండి.

8. వర్షం వస్తే క్రమాన్ని తిరగేయండి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన ఏ గంటకైనా రావచ్చు; అక్టోబరు, నవంబరులలో మధ్యాహ్నం తరువాత ఉరుములతో కూడిన వానలు మామూలే. ఆ నెలలలో వలలు, తీరం ఉదయం చూసి, పైకప్పు ఉన్న రాజభవనం, ప్రార్థనా మందిరం, చర్చి మధ్యాహ్నానికి ఉంచుకోండి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజున పడవలు ఆపవచ్చు కాబట్టి, మీ పత్ర సమర్పణ ఉన్న రోజు నీటికి ఆవలి ఒడ్డున ఉండవద్దు.

9. బయలుదేరే రోజు సామాను సంగతి చూసుకోండి.

పెట్టెను, పోస్టరు గొట్టాన్ని వెంట మోసుకుని మట్టాంచేరి తిరగడం సాధ్యం కాదు. హోటలులోనో, రైల్వే స్టేషను సామాను గదిలోనో ఉంచి వెళ్లండి. స్టేషనులో పెట్టె తాళం లేకపోతే తీసుకోకపోవచ్చు. ఫోర్ట్ కొచ్చి నుంచి నేరుగా విమానానికి వెళ్లేవారు విమానం సమయానికి నాలుగు గంటల ముందు కదలాలి. సాయంత్రం తోప్పుంపడి వైపు, ఎడప్పళ్లి వైపు వాహనాలు చాలా నెమ్మదిగా సాగుతాయి.

తరచు ఎదురయ్యే పొరపాట్లు

అన్నింటిలో పెద్దది శుక్రవారం, శనివారం మరచిపోవడమే. దాని తరువాతది ఒకే పూటలో ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి, మెరైన్ డ్రైవ్, కొనుగోళ్లు అన్నీ పెట్టుకోవడం. ఒక్క పూటే ఉంటే మెరైన్ డ్రైవ్‌ను నిస్సంకోచంగా తీసివేయండి. అల్లెప్పి హౌస్‌బోటును కూడా ఈ ప్రయాణంలో కలపడానికి ప్రయత్నించేవారు ఉన్నారు. దానికి వేరుగా ఒక రాత్రి కావాలి, సదస్సు మధ్యలో అది ఇమడదు.

భోజనం విషయంలో శాకాహారులు ముందే జాగ్రత్త పడితే చాలు. ఫోర్ట్ కొచ్చి తీరంలో చేపల వంటలే ఎక్కువ. మట్టాంచేరిలో గుజరాతీలు, కొంకణీలు తరతరాలుగా ఉన్న వీధులలో శాకాహార భోజనం దొరుకుతుంది. లావు మట్ట బియ్యం అన్నం పడనివారు సన్నబియ్యం ఉందా అని అడగండి. తీరంలో పచ్చి చేప కొని పక్క హోటలులో వండించుకునేవారు చేప ధర, వండే కూలి రెండూ ముందే తేల్చుకోవాలి.

సరిచూసుకోవడం ఎలా?

టికెట్టు కొనక ముందు ఒక కాగితం మీద మూడు వరసలు రాయండి: రాజభవనం ఏ రోజు ఏ గంటకు, ప్రార్థనా మందిరం ఏ రోజు ఏ గంటకు, ఫోర్ట్ కొచ్చి సాయంత్రం ఏ రోజు. మొదటి వరసలో శుక్రవారం, రెండవ వరసలో శనివారం, శుక్రవారం మధ్యాహ్నం తరువాత, లేదా ఏ రోజైనా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య సమయం కనిపిస్తే ప్రణాళిక తప్పు, తేదీలు మార్చండి.

వెళ్లే ముందు రోజు రాత్రి సదస్సు పట్టికను మళ్లీ చూడండి. చివరి నిమిషంలో సభలు మారడం మామూలే. మీ సభకూ మీ తిరుగు పడవకూ మధ్య కనీసం గంటన్నర ఖాళీ ఉందో లేదో లెక్కపెట్టండి.

ఫోర్ట్ కొచ్చి ఒడ్డున నిలబడినప్పుడు చివరి పరీక్ష చేసుకోండి. ఎదురుగా నీటికి ఆవల ఉన్నది వైపిన్ అని, ఎడమవైపు ఓడలు వెళుతున్నది అరేబియా సముద్రానికని, కుడివైపు లోపల ఉన్నది విల్లింగ్డన్ ద్వీపమని, దాని వెనుక ఎర్నాకుళం అని పటం చూడకుండా చెప్పగలిగితే మీరు ఊరిని సరిగ్గానే చూస్తున్నారు. చెప్పలేకపోతే రో-రో ఎక్కి ఒకసారి వైపిన్‌కు వెళ్లి వెనక్కి రండి. ఆ కొద్ది నిమిషాలలో నాలుగు దిక్కులూ తేటపడతాయి.